వంటగది గట్టుకు గ్రానైట్ ఎక్కడ కొనాలి? రాయి కోతకు వెళ్లకముందే తేల్చుకోవాల్సిన విషయాలు

ఇంట్లో ఫ్యాన్ నచ్చకపోతే మార్చుకోవచ్చు. గోడ రంగు బాగాలేకపోతే మళ్లీ వేయించుకోవచ్చు. వంటగది గట్టు మీద పరిచే రాయి అలా కాదు. ఒకసారి కొలత పెట్టి కోసి, సింక్‌కు రంధ్రం చేసి, సిమెంటు మీద కూర్చోబెట్టాక అది వెనక్కి పోదు. దుకాణదారు వాపస్ తీసుకోడు, పక్కింటి వంటగదికి సరిపోదు. పదిహేను, ఇరవై ఏళ్లు దాని మీదే వంట.

రంజాన్‌కు ముందో, ఇంట్లో పెళ్లికి ముందో చాలా కుటుంబాలు వంటగది బాగుచేయించుకుంటాయి. అప్పుడు ఉన్న టైమ్ తక్కువ, పనులు ఎక్కువ. మేస్త్రీ చెప్పిన దుకాణానికి వెళ్లి, "ఫీటు ఎంత?" అని అడిగి, నాలుగు రంగులు చూసి, అడ్వాన్స్ ఇచ్చి వచ్చేస్తారు. రాయి ఇంటికి వచ్చాక గొడవ మొదలవుతుంది. చూసిన రంగు ఇది కాదంటారు, కొలత ఎక్కువ రాశారంటారు, చెప్పిన రేటుకు మరో రెండు వేలు ఎలా కలిశాయంటారు.

నిజానికి ఫీటు రేటు చివర్లో అడగాల్సిన ప్రశ్న. ఏ స్లాబ్ ఇస్తారు, ఎలా కొలుస్తారు, ఎవరు ఎక్కడ కోస్తారు, బిల్లులో ఏం రాస్తారు అనే నాలుగు ప్రశ్నలకు కోత పడకముందే సూటిగా జవాబు చెప్పే దుకాణమే మంచి దుకాణం. హైదరాబాద్‌లోనూ, రెండు తెలుగు రాష్ట్రాల జిల్లాల్లోనూ గట్టు రాయి కొనేవాళ్లు చూసుకోవాల్సిన వివరాలు ఇవి.

ముందు ఏ రాయి కావాలో తేల్చుకోవాలి

దుకాణానికి వెళ్లేముందే ఏ రకం రాయి అన్నది నిర్ణయించుకుంటే సగం పని అయిపోతుంది.

గ్రానైట్: మన వంటకు ఎక్కువమంది ఎంచుకునేది ఇదే. వేడి గిన్నె దించినా, చింతపండు పులుసు ఒలికినా తట్టుకుంటుంది. దీనికోసం చాలా దూరం పోనక్కర్లేదు, మన నేలలోనే ఉంది. గోధుమ రంగు మీద ఎర్రటి మచ్చలుండే టాన్ బ్రౌన్ కరీంనగర్ ప్రాంతానిది. నల్లరాయికి ఖమ్మం పేరున్న చోటు. నల్లటి రాతిలో బంగారు చుక్కలు మెరిసే బ్లాక్ గెలాక్సీ ప్రకాశం జిల్లా చీమకుర్తిది. స్టీల్ గ్రే కూడా ఆ ఒంగోలు వైపు నుంచే వస్తుంది. ఆకుపచ్చ ఛాయ ఉండే కుప్పం గ్రీన్ చిత్తూరు జిల్లాది. మార్కెట్‌లో "బ్లాక్ గ్రానైట్" అని అమ్మే రాళ్లు చాలావరకు భూగర్భ శాస్త్రం ప్రకారం గ్రానైట్ కావు, వేరే జాతి అగ్నిశిలలు. వంటగదికి వచ్చేసరికి వాటితో ఇబ్బందేమీ లేదు, గట్టి రాళ్లే.

తెల్లటి, లేత రంగు గ్రానైట్లు చూడ్డానికి బాగుంటాయి, వంటగది వెలుతురుగా కనిపిస్తుంది. అయితే వీటిలో చాలావాటికి నూనె, పసుపు పీల్చుకునే గుణం ఉంటుంది. సీలర్ పూయించాలి, కొంతకాలానికి మళ్లీ పూయించాలి. ఆ ఓపిక లేని ఇంటికి ముదురు రంగే మేలు.

మార్బుల్: ఉర్దూలో సంగెమర్మర్, తెలుగులో పాలరాయి. నమాజు గదికి, హాల్‌కు అందమే గానీ వంట గట్టుకు పనికిరాదు. నిమ్మరసం, చింతపండు, వెనిగర్ పడితే పాలిష్ పోయి తెల్లటి మచ్చ మిగులుతుంది. అది మరక కాదు, పులుపు రాయిని తినేసిన గుర్తు. తుడిస్తే పోదు.

కడప బండ, తాండూరు బండ: ఇవి సున్నపురాయి జాతి. ధర తక్కువ. గట్టు కింద అరలకు, గ్రానైట్ కింద ఆధారంగా వేసే బండకు ఇవి సరిపోతాయి. పైన పరిచే రాయిగా వాడితే పులుపుకు మార్బుల్‌లాగే దెబ్బతింటాయి.

క్వార్ట్జ్: ఇది గనిలోంచి తీసిన పలక కాదు. క్వార్ట్జ్ పొడి, రవ్వలను రెజిన్‌తో కలిపి ఫ్యాక్టరీలో అచ్చు పోసిన స్లాబ్. అనకాపల్లి జిల్లా అచ్యుతాపురంలోనూ, హైదరాబాద్ శివార్లలోనూ వీటి ఫ్యాక్టరీలు ఉన్నాయి. రంగు అంతటా ఒకేలా ఉంటుంది, మరకలు తక్కువ. కానీ పొయ్యి మీంచి దించిన కుక్కర్, పెనం నేరుగా పెడితే లోపలి రెజిన్ మాడి మచ్చ పడుతుంది. బిర్యానీ దేగ్చీ దించి గట్టు మీదే పెట్టే ఇంట్లో ఈ సంగతి ఆలోచించాలి.

నానో వైట్: తళతళలాడే తెలుపు కోసం దీన్ని చాలామంది అడుగుతున్నారు. ఇది గాజు జాతి తయారీ పలక. మరక పట్టదు గానీ అంచు మీద బరువైన గిన్నె తగిలితే పెచ్చు ఊడే అవకాశం ఉంటుంది. ఊడిన చోట అతుకు కనిపించకుండా చేయడం కష్టం.

ఎక్కడ కొనవచ్చు: ఐదు దారులు

1. ఇంటి దగ్గర దుకాణం

బస్తీలో, కాలనీ మెయిన్ రోడ్డు మీద ఉండే చిన్న దుకాణాల్లో రకాలు తక్కువ, ఫీటు రేటు కాస్త ఎక్కువ. కానీ మూడు లాభాలున్నాయి. ఆటో ఖర్చు తక్కువ. కోత తప్పితే వెంటనే వెళ్లి అడగొచ్చు. దుకాణదారు రేపు కూడా అదే వీధిలో ఉంటాడు, పేరు పోగొట్టుకోవాలనుకోడు. ఒక్క వంటగదికి ముప్పై, నలభై ఫీట్ల రాయి మాత్రమే కావాల్సినవాళ్లకు చాలాసార్లు ఇదే లాభం.

2. శివార్లలోని పెద్ద గోదాములు

నగరం చుట్టూ హైవేల పక్కన వందల స్లాబులు నిలబెట్టి ఉంచే యార్డులు ఉంటాయి. రకాలు ఎక్కువ, రేటు తక్కువ, ఒకే లాట్‌లో ఇంటికంతా సరిపడా రాయి దొరుకుతుంది. ఫ్లోరింగ్, మెట్లు, కిచెన్ అన్నీ కలిపి కొనేవాళ్లకు ఇది సరైన చోటు. కిచెన్ ఒక్కదానికే వెళ్తే లోడింగ్, ట్రాలీ ఆటో చార్జీలు కలిశాక ఆదా అయ్యింది కాస్తా పోతుంది. కొన్ని యార్డులు పూర్తి స్లాబే ఇస్తాయి, ముక్క కోసి ఇవ్వవు. వెళ్లేముందు ఫోన్ చేసి ఇది అడగాలి.

3. ఫ్యాక్టరీ దగ్గరే

ఖమ్మంలో, అటు ప్రకాశం, బాపట్ల జిల్లాల్లో ఒంగోలు, చీమకుర్తి, మార్టూరు వైపు గ్రానైట్ కోసి పాలిష్ చేసే ఫ్యాక్టరీలు చాలా ఉన్నాయి. ఆ ఊళ్లకు దగ్గర్లో ఇల్లు కట్టుకుంటున్నవాళ్లు నేరుగా వెళ్లి చూడటం మంచిది. హైదరాబాద్ నుంచి ఒక్క గట్టు రాయి కోసం అంత దూరం పోతే లారీ కిరాయే రాయి ధరను మించిపోవచ్చు. నాలుగైదు కుటుంబాలు కలిసి తెప్పించుకుంటే లెక్క కుదురుతుంది. ఇంకో సంగతి, ఫ్యాక్టరీలో స్లాబ్ మాత్రమే వస్తుంది. సింక్ రంధ్రం, అంచు మోల్డింగ్ మళ్లీ ఇంటి దగ్గర చేయించుకోవాల్సిందే.

4. మాడ్యులర్ కిచెన్ కంపెనీ, ఇంటి కాంట్రాక్టర్

రాయి, కోత, ఫిట్టింగ్ అంతా ఒకే రేటులో అయిపోతుంది, తిరగాల్సిన పని లేదు. ఇక్కడ వచ్చే ఇబ్బంది, కొటేషన్‌లో "గ్రానైట్ కౌంటర్‌టాప్" అని ఒక్క మాట రాసి వదిలేయడం. ఏ రాయి, ఎంత మందం, ఫీటు ధర ఎంతవరకు అనేది అందులో ఉండదు. రాయి పేరు, మందం, గరిష్ఠ ధర రాయించుకున్నాకే సంతకం పెట్టాలి. అవసరమైతే రాయి మనమే కొనిస్తామని, కోత, ఫిట్టింగ్ మాత్రం వాళ్లు చేయాలని మాట్లాడుకోవచ్చు.

5. కట్ పీసులు

పెద్ద ఆర్డర్లు కోయగా మిగిలిన ముక్కలు ప్రతి దుకాణం వెనకాల గోడకు ఆనించి ఉంటాయి. వాటిని తక్కువ ధరకు ఇచ్చేస్తారు. ఆరేడు ఫీట్ల చిన్న గట్టు, అద్దె పోర్షన్ వంటగది, గ్యాస్ పొయ్యి వరకే గట్టు కావాల్సినవాళ్లు ముందుగా ఈ ముక్కలు చూపించమని అడగాలి. ఖరీదైన రకం కూడా ఇలా మామూలు రేటుకు దొరుకుతుంది. పగుళ్లు మాత్రం ఇంకాస్త జాగ్రత్తగా చూసుకోవాలి.

ఏ దారిలో వెళ్లినా మేస్త్రీ మాట దగ్గర కాస్త ఆగాలి. మేస్త్రీ తీసుకెళ్లే దుకాణంలో ఆయనకు కమీషన్ ఉండటం ఈ రంగంలో మామూలే. అది ఆయన కష్టానికి వచ్చేదే అనుకున్నా, ఆ డబ్బు చివరికి ఫీటు రేటులోనే కలుస్తుంది. మేస్త్రీతో గొడవ పెట్టుకోనక్కర్లేదు. ఆయన చెప్పిన దుకాణంతోపాటు మరో రెండు చోట్ల రేటు అడిగి, మొత్తం లెక్క కాగితం మీద పెట్టుకుంటే చాలు.

ఫీటు రేటు వెనకున్న లెక్క

దుకాణదారు అమ్మేది స్లాబ్ కొలత. ఇంట్లో పరుచుకునేది గట్టు కొలత. ఈ రెండింటి మధ్య తేడాకు కూడా డబ్బు కడతాం.

ఉదాహరణకు ఎల్ ఆకారం వంటగది తీసుకుందాం. పొడవు వైపు 10 ఫీట్లు, మూల తిరిగాక ఇంకో 6 ఫీట్లు, వెడల్పు 2 ఫీట్లు. అంటే వాడుకునే రాయి 20, 12 కలిపి 32 చదరపు ఫీట్లు. కింద వేసిన రేట్లు లెక్క అర్థం కావడానికే, మార్కెట్ ధరలు కావు.

మొదటి దుకాణం: ఫీటు 140 రూపాయలు
- స్లాబులు రెండున్నర ఫీట్ల వెడల్పువి ఉన్నాయి. 10½ × 2½ ఒకటి, 7 × 2½ ఒకటి. మొత్తం 43.75 ఫీట్లు
- రాయి ధర: 6,125 రూపాయలు
- జీఎస్టీ 18 శాతం అదనం: 1,102.50 రూపాయలు
- ఆటో, హమాలీ: 1,200 రూపాయలు
- మొత్తం: 8,427.50 రూపాయలు

రెండో దుకాణం: ఫీటు 165 రూపాయలు, జీఎస్టీ, ఇంటికి చేర్చడం కలిపి
- స్లాబులు రెండుంపావు ఫీట్ల వెడల్పువి. 10½ × 2¼ ఒకటి, 6½ × 2¼ ఒకటి. మొత్తం 38.25 ఫీట్లు
- మొత్తం: 6,311.25 రూపాయలు

ఫీటుకు 25 రూపాయలు తక్కువ చెప్పిన దుకాణంలోనే 2,116 రూపాయలు ఎక్కువయ్యాయి. గట్టు మీద పడిన ఒక్కో ఫీటుకు లెక్కేస్తే మొదటి చోట 263 రూపాయలు, రెండో చోట 197 రూపాయలు. అందుకే "ఫీటు ఎంత?" అని కాకుండా "నా గట్టుకు, ఇంటి దగ్గర దించేసరికి మొత్తం ఎంత?" అని అడగాలి.

ఇక్కడ అడగాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి.

- కొలత ఎక్కడి నుంచి ఎక్కడికి? స్లాబ్ అంచులు ఎగుడుదిగుడుగా ఉంటాయి. పనికొచ్చే చోటు వరకే కొలుస్తారా, విరిగిన మూలతో సహా కొలుస్తారా?
- అంగుళాలను పైకి రౌండ్ చేస్తారా? ఎంతకు?
- మిగిలిన ముక్క ఎవరిది? డబ్బు కట్టింది మనం కాబట్టి ఇంటికి పంపమని అడగొచ్చు. బాత్రూమ్ గూటికో, గుమ్మం పట్టీకో పనికొస్తుంది.
- చదరపు మీటర్లలో రేటు చెబితే తికమక పడొద్దు. ఒక చదరపు మీటరు అంటే 10.764 చదరపు ఫీట్లు.

అంచు మోల్డింగ్‌కు చదరపు ఫీటు లెక్క ఉండదు, రన్నింగ్ ఫీటు లెక్క. గోడకు ఆనే వైపు మోల్డింగ్ అక్కర్లేదు. పైన చెప్పిన వంటగదిలో గోడ వైపు పొడవు 18 ఫీట్లు ఉంటే, మనిషి నిలబడే ముందు అంచు 14 ఫీట్లే. గట్టు ఒక చివర తెరిచి ఉంటే ఇంకో 2 ఫీట్లు కలుస్తాయి. గోడ పొడవు చూసి 18 ఫీట్లకు బిల్లు వేస్తే ఎక్కువ కట్టినట్టే.

బిల్లు, జీఎస్టీ

"బిల్లు లేకుండా అయితే ఇంత, బిల్లుతో అయితే ఇంత" అనే మాట ఈ దుకాణాల్లో వినిపిస్తూనే ఉంటుంది. బిల్లు లేకపోతే ఆ పూటకు కొంత మిగులుతుంది. రేపు రాయి పగిలినా, వేరే రాయి వచ్చినా అడగడానికి చేతిలో ఏమీ ఉండదు.

2017 జూలైలో జీఎస్టీ వచ్చినప్పుడు గ్రానైట్ స్లాబ్‌పై పన్ను 28 శాతం. అదే ఏడాది నవంబర్‌లో 18 శాతానికి తగ్గించారు. 2025 సెప్టెంబర్ 22 నుంచి గ్రానైట్, మార్బుల్ బ్లాకులపై పన్ను 12 నుంచి 5 శాతానికి తగ్గింది. అది గనిలోంచి వచ్చే పెద్ద బండరాయికి వర్తించే తగ్గింపు. కోసి, పాలిష్ చేసిన స్లాబ్‌కు కాదు. కాబట్టి స్లాబ్‌పై 18 శాతం వేశారని గొడవపడితే లాభం లేదు. ఆ 18 శాతం నిజంగా బిల్లు మీద ఉందా అన్నదే చూడాలి.

బిల్లులో జీఎస్టీ నంబర్ 15 అంకెలు, అక్షరాలతో ఉంటుంది. మొదటి రెండు అంకెలు రాష్ట్రం కోడ్. తెలంగాణ 36, ఆంధ్రప్రదేశ్ 37. ఆ నంబర్ నిజమైనదో కాదో జీఎస్టీ పోర్టల్‌లో ఎవరైనా ఉచితంగా చూసుకోవచ్చు. చిన్న వ్యాపారులు కొందరు కంపోజిషన్ స్కీమ్‌లో ఉంటారు. వాళ్లు కస్టమర్ దగ్గర జీఎస్టీ విడిగా వసూలు చేయకూడదు, "బిల్ ఆఫ్ సప్లై" ఇవ్వాలి. ఆ బిల్లు మీద పన్ను అదనంగా వేస్తే అది తప్పు లెక్క.

బిల్లులో లేదా ఆర్డర్ కాగితంలో ఇవన్నీ ఉండాలి: రాయి పేరు, మందం, ఒక్కో స్లాబ్ పొడవు వెడల్పు, మొత్తం ఫీట్లు, రేటు, పన్ను, రవాణా, కోత చార్జీలు, ఇచ్చిన అడ్వాన్స్. "గ్రానైట్, ఒక లాట్" అని రాసిన చీటీ దేనికీ ఆధారం కాదు.

రాయిని ఎలా చూడాలి

కౌంటర్ మీద పెట్టిన అరచేయంత శాంపిల్ చూసి రాయి ఎంచుకోవద్దు. సహజమైన రాతిలో ఒక స్లాబ్ ఇంకో స్లాబ్‌లా ఉండదు. గల్ఫ్‌లో ఉన్న కొడుక్కో, తమ్ముడికో వాట్సాప్‌లో ఫొటో పంపి ఒప్పుకోవడం చాలా ఇళ్లలో జరుగుతున్నదే. ఫొటోలో లైటును బట్టి రంగు మారిపోతుంది. డబ్బు పంపేవాళ్లు అక్కడున్నా, ఇక్కడ ఇంట్లోవాళ్లు ఒకరు వెళ్లి, అసలు స్లాబ్‌ను పగటి వెలుతురులోకి తీయించి చూడాలి. వంటగదిలో రోజూ నిలబడే మనిషి వెళ్తే ఇంకా మంచిది.

వెంట తీసుకెళ్లాల్సినవి చిన్నవే. టేపు, తెల్లటి గుడ్డ, నీళ్ల బాటిల్, నిమ్మకాయ ముక్క, నెయిల్ పాలిష్ రిమూవర్.

- మందం: గట్టుకు మామూలుగా 18 నుంచి 20 మిల్లీమీటర్లు వాడతారు. కోసిన అంచు దగ్గర టేపు పెట్టి రెండు మూడు చోట్ల చూడాలి. ఒకచోట 18, ఇంకోచోట 15 ఉంటే జాయింట్ దగ్గర ఎత్తుపల్లం వస్తుంది.
- పగుళ్లు: తడి గుడ్డతో తుడిచి, ఆరేటప్పుడు పక్క నుంచి చూడాలి. పగులు ఉన్నచోట తడి గీతలా నిలుస్తుంది. రాతి సహజ గీత వేరు, పగులు వేరు. గోరు తగిలితే పట్టుకునేది పగులు.
- వెనక వైపు: స్లాబ్ వెనక జాలీలాంటి వల అతికించి ఉంటే ఆ రాయికి ఆసరా అవసరమైందని అర్థం. కొన్ని రకాలకు అది మామూలే. అయినా ఎందుకు వేశారో అడగాలి.
- నీళ్ల చుక్క: నాలుగు చుక్కలు వేసి పది నిమిషాలు ఆగి తుడవాలి. ముదురు మచ్చ మిగిలితే రాయి పీల్చుకుంటోందని లెక్క. నూనె కూడా అలాగే పీలుస్తుంది.
- నిమ్మకాయ: గ్రానైట్ అని చెప్పిన రాయి మీద నిమ్మరసం కాసేపు ఉంచితే మెరుపు తగ్గకూడదు. తగ్గితే అది సున్నపురాయి జాతి.
- రంగు వేసిన నలుపు: బూడిద రంగు రాతికి నల్లరంగు పట్టించి అమ్మడం ఉంది. తెల్లగుడ్డ మీద నెయిల్ పాలిష్ రిమూవర్ వేసి గట్టిగా రుద్దాలి. గుడ్డకు నలుపు అంటితే ఆ రాయి వద్దు.

ఈ పరీక్షలు స్లాబ్ మూలలో, దుకాణదారుకు చెప్పి చేయాలి. మంచి సరుకు ఉన్నవాళ్లు అడ్డు చెప్పరు.

నచ్చిన స్లాబ్ మీద చాక్‌పీస్‌తో పేరు, తేదీ రాయించి, బిల్లు పక్కన పెట్టి ఫొటో తీసుకోవాలి. "లాట్ అంతా ఒకటే సార్, ఏదైనా ఒకటే" అన్నా సరే, ఆ గుర్తు ఉన్న స్లాబే రావాలని ఆర్డర్ కాగితంలో రాయించాలి. చూసింది ఒకటి, వచ్చింది ఒకటి అనే గొడవ ఈ ఒక్క పనితో చాలావరకు తప్పుతుంది.

కోత, సింక్, జాయింట్లు

రాయి బాగున్నా కోత చెడితే అంతా పోయినట్టే. సింక్, పొయ్యి ముందే కొని, వాటిని చూపించి రంధ్రం కోయించాలి. కేటలాగ్ కొలత చూసి కోసి, తర్వాత సింక్ తెస్తే అర అంగుళం తేడాకే స్లాబ్ పాడవుతుంది.

సింక్ ముందు వైపు మిగిలేది మూడు, నాలుగు అంగుళాల పట్టీ. స్లాబ్ మొత్తంలో బలహీనమైన చోటు అదే. మోసేటప్పుడు విరిగేది ఎక్కువగా అక్కడే. సింక్ రంధ్రం మూలలు సూటిగా కాకుండా కాస్త గుండ్రంగా కోయించాలి, సూటి మూల నుంచే పగులు మొదలవుతుంది. జాయింట్ తప్పనిసరైతే సింక్ మీద, పొయ్యి మీద రాకుండా చూసుకోవాలి. ఎక్కడ వస్తుందో కోతకు ముందే గీసి చూపించమనాలి.

బరువు, దారి కూడా లెక్కలోకి తీసుకోవాలి. 18 మిల్లీమీటర్ల గ్రానైట్ చదరపు ఫీటుకు సుమారు నాలుగున్నర కిలోలు ఉంటుంది. పదిన్నర ఫీట్ల పొడవు, రెండుంపావు ఫీట్ల వెడల్పు స్లాబ్ వంద కిలోలు దాటుతుంది. అది అపార్ట్‌మెంట్ లిఫ్ట్‌లో పట్టదు. మెట్ల మలుపులో తిరుగుతుందా అన్నది ముందే టేపుతో చూసుకోవాలి. పాతబస్తీ గల్లీల్లో ట్రాలీ ఆటో ఇంటిదాకా రాదు, సందు చివరి నుంచి మోయాలి. మోసే చార్జీ ఎవరిది, మోసేటప్పుడు విరిగితే నష్టం ఎవరిది అన్నది ముందే మాట్లాడుకోవాలి. ఈ ఒక్క ప్రశ్న అడగక నష్టపోయేవాళ్లు తక్కువేం కాదు.

దుమ్ము ఎవరి ఊపిరితిత్తుల్లోకి?

దుకాణం ఎంచుకునేటప్పుడు దాదాపు ఎవరూ అడగని ప్రశ్న ఇది. రాయిని నీళ్లు పోస్తూ కోస్తారా, పొడిగా కోస్తారా?

గ్రానైట్‌లో, ముఖ్యంగా క్వార్ట్జ్ స్లాబుల్లో సిలికా ఉంటుంది. చేతి మిషన్‌తో పొడిగా కోస్తే లేచే తెల్లటి దుమ్ములో కంటికి కనిపించనంత సన్నటి సిలికా రేణువులు ఉంటాయి. ఏళ్ల తరబడి పీలిస్తే సిలికోసిస్ వస్తుంది. ఊపిరితిత్తులు గట్టిపడిపోయే ఈ జబ్బును నయం చేసే మందు లేదు. చట్టం ప్రకారం ఇది తప్పనిసరిగా అధికారులకు తెలియజేయాల్సిన వృత్తి వ్యాధుల్లో ఒకటి. క్వార్ట్జ్ స్లాబులు కోసే పనివాళ్లలో సిలికోసిస్ కేసులు బయటపడటంతో ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుంచి ఆ స్లాబుల తయారీ, సరఫరా, కోత, బిగింపును నిషేధించింది.

మన దగ్గర కోత పని చేసేది ఎక్కువగా రోజు కూలికి వచ్చే యువకులు. ముఖానికి దస్తీ కట్టుకుని, ఇంటి వరండాలోనే మిషన్ ఆడిస్తారు. దస్తీ ఆ సన్నటి దుమ్మును ఆపలేదు. అదే దుమ్ము ఇంట్లోని పిల్లలు, ముసలివాళ్లు ఉండే గదుల్లోకీ వస్తుంది.

కాబట్టి నీళ్లతో కోసే పెద్ద కట్టర్ ఉన్న దుకాణాన్ని ఎంచుకోవడం, కొలతలు ముందే ఇచ్చి కోత, సింక్ రంధ్రం, మోల్డింగ్ వీలైనంత అక్కడే చేయించడం మంచిది. కోత సూటిగా వస్తుంది, అంచు పెచ్చులు లేవదు, ఇల్లు దుమ్ము కాదు. ఇంటి దగ్గర తప్పనిసరిగా కోయాల్సి వస్తే ఒకరు నీళ్లు పోస్తుంటే ఇంకొకరు కోయాలి, ఆరుబయట కోయాలి, పనివాళ్లకు సరైన మాస్కులు ఇవ్వాలి. కరెంటు మిషన్, నీళ్లు ఒకేచోట ఉంటాయి కాబట్టి వైర్లు, ప్లగ్ చూసుకోవాలి. దీనికి కొన్ని వందలు ఎక్కువైనా పర్వాలేదు. మన వంటగది మెరుపు కోసం ఇంకొకరి ఊపిరి పోకూడదు.

తేడా వస్తే ఏం చేయాలి

గుర్తు పెట్టిన స్లాబ్ కాకుండా వేరేది వస్తే ఆటోలోంచి దించకముందే ఫొటో తీసి, దుకాణానికి ఫోన్ చేయాలి. దించుకుని, కోసి, పరిచాక చేసే ఫిర్యాదుకు బలం తక్కువ. మిగిలిన డబ్బు మొత్తం ముందే ఇవ్వకుండా, కొంత రాయి ఇంటికి చేరి సరిచూసుకున్నాక ఇస్తామని మొదటే ఒప్పుకోవాలి.

మాటలతో తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. కొలతలో మోసం అనిపిస్తే తూనికలు కొలతల శాఖకు ఫిర్యాదు చేయవచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కొనుగోలుదారు తాను నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు, దుకాణం ఉన్న ఊరికి తిరగనక్కర్లేదు. వస్తువు కోసం చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపు ఉంటే ఫీజు లేదు. వకీలు తప్పనిసరి కాదు. గడువు రెండేళ్లు. వీటన్నిటికీ కావాల్సింది మాత్రం బిల్లు, ఫొటోలు, వాట్సాప్ మెసేజ్‌లు.

అడ్వాన్స్ ఇచ్చేముందు ఒక్కసారి

- మూడు చోట్ల, ఒకే కొలతకు, ఇంటి దగ్గర దించేవరకు మొత్తం ధర అడిగారా?
- అసలు స్లాబ్‌ను పగటి వెలుతురులో చూశారా? దాని మీద పేరు రాయించి ఫొటో తీశారా?
- మందం, పగుళ్లు, నీళ్ల చుక్క, నిమ్మకాయ, రంగు పరీక్షలు చేశారా?
- ఒక్కో స్లాబ్ కొలత, రేటు, పన్ను కాగితం మీద ఉన్నాయా?
- సింక్, పొయ్యి చేతిలో ఉన్నాయా? జాయింట్ ఎక్కడో గీసి చూశారా?
- కోత నీళ్లతోనేనా? ఎక్కడ?
- మోసేటప్పుడు విరిగితే నష్టం ఎవరిదో తేలిందా?
- మిగిలిన ముక్కలు ఇంటికి వస్తాయా?

ఇవి అడగడానికి దుకాణంలో పావుగంట చాలు. విసుక్కోకుండా జవాబు చెప్పే చోట ఫీటుకు ఐదో పదో ఎక్కువైనా అక్కడే కొనడం మంచిది. "అవన్నీ మీకెందుకు, మేం చూసుకుంటాం" అనే చోట నుంచి రేటు ఎంత తక్కువైనా లేచి రావడమే నయం. స్లాబ్ మీద మిషన్ ఆడనంతవరకే మాట కొనేవాడి చేతిలో ఉంటుంది.